ఆట మధ్యలో ఎనిమిది సెకన్లు బొమ్మ బిగుసుకుపోతోంది, కార్డు మార్చమంటున్నారు

బెజవాడ_బుల్లోడు
రెండు నెలల నుంచి ఇదే గోల. ఆడుతుంటే ఉన్నట్టుండి బొమ్మ బిగుసుకుపోతుంది. ఏడెనిమిది సెకన్లు, ఒక్కోసారి అర నిమిషం దాకా. తర్వాత ఏమీ జరగనట్టు మళ్లీ నడుస్తుంది. రీస్టార్ట్ అవదు, నీలి తెర రాదు, ఆట మూతపడదు. ఒక రోజు మూడు గంటలు ఆడినా ఏమీ కాదు, మర్నాడు గంటలో నాలుగుసార్లు స్ట్రక్ అవుతుంది.

మెషీన్: రైజెన్ 5 5600, బీ550 బోర్డు, 16 జీబీ డీడీఆర్4 3200 (8+8), ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 650 వాట్ల గోల్డ్ ఎస్‌ఎంపీఎస్, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. పాత మెషీన్‌లోంచి తీసిన 1 టీబీ హార్డ్ డిస్క్ కూడా ఉంది, అందులో ఇంటి ఫొటోలు, వీడియోలు మాత్రమే. విండోస్ 11.

వాలరెంట్, జీటీఏ 5, ఎల్డెన్ రింగ్ మూడింట్లోనూ ఇదే. షాపులో చూపిస్తే పది నిమిషాలు అటూ ఇటూ చూసి "కార్డు పోయింది, ఇది మాకిచ్చి కొత్తది తీసుకోండి" అన్నారు. వాళ్లు కట్టిన ధర వింటే కళ్లు తిరిగాయి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదంతా నెలనెలా దాచి కొన్న కార్డు అది. నిజంగా పోయిందంటే మారుస్తాను, కానీ ఊరికే అమ్ముకోలేను. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో చెప్పండి.

ఓరుగల్లు_గేమర్
డ్రైవర్ బ్రో. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డీడీయూతో పాతదంతా తుడిచి కొత్తది వెయ్యి. నాకు సరిగ్గా ఇలాగే అయితే దాంతోనే పోయింది.

అనంత_ఎండ
ముందు వేడి చూడు. వేడి అంకెలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో పెట్టి గంట ఆడి గరిష్ఠాలు ఎంతో ఇక్కడ రాయి. మా ఊళ్లో ఏప్రిల్ వచ్చిందంటే గది వేడే 40 దాటుతుంది. సైడు ప్యానెల్ తీసి, పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టుకుని ఆడతాం.

గోదారి_గట్టు
ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే బయాస్ సెట్టింగ్, ఆపి చూడు. ర్యామ్ 3200 దగ్గర నిలబడకపోతే ఇలాంటి వేషాలన్నీ వేస్తుంది.

రిపేరు_బల్ల
అందరూ తలొక మందు రాసిస్తే తమ్ముడు అన్నీ ఒకేసారి మింగుతాడు. రేపు బాగైనా ఏ మందుకు బాగైందో తెలీదు. ఒక్కొక్కటే మార్చు, మార్చింది కాగితం మీద రాసుకో.

నేను నెల్లూరులో పదకొండేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. ఆగిపోయే మెషీన్ వచ్చిందంటే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు మూడు ప్రశ్నలు అడుగుతాను. ఒకటి, బొమ్మ ఆగినప్పుడు శబ్దం ఏమవుతోంది? ఆగిపోతోందా, గీసిన రికార్డులా "ట్ర్‌ర్‌ర్" అని ఒకే ముక్క తిరుగుతోందా, లేక మామూలుగా వస్తూనే ఉందా? రెండు, మౌస్ బాణం కదులుతోందా? మూడు, క్యాబినెట్ ముందు డిస్క్ లైటు ఆ టైంలో ఏం చేస్తోంది? ఇవి చెప్పు, సగం దారి తెలిసిపోతుంది.

శబ్దం కూడా గీసుకుపోతే మొత్తం మెషీన్ నిలిచిపోయినట్టు. అప్పుడు ర్యామ్, ప్రాసెసర్, బోర్డు వైపు చూస్తాం. శబ్దం నడుస్తూ బొమ్మ మాత్రమే ఆగితే కార్డో, డ్రైవరో, లేకపోతే ఆట దేనికోసమో ఎదురుచూస్తున్నట్టో.

కరెంటు_బాబాయ్
ఇంట్లో ఎర్తింగ్ ఎలా ఉంది బాబూ? క్యాబినెట్ ఇనుము మీద చెయ్యి వేస్తే జివ్వుమంటోందా? అపార్ట్‌మెంట్లలో మూడు పిన్నుల సాకెట్ పెట్టి, వెనకాల ఎర్త్ వైరు కలపకుండా వదిలేసిన ఇళ్లు నేను ఎన్నో చూశాను. సాకెట్‌లో ఫేజ్‌కి న్యూట్రల్‌కి మధ్య, ఫేజ్‌కి ఎర్త్‌కి మధ్య, న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య ఎంతెంత వోల్టేజీ ఉందో మీ ఎలక్ట్రీషియన్ చేత కొలిపించు. నువ్వు మాత్రం చెయ్యి పెట్టకు.

బెజవాడ_బుల్లోడు
@రిపేరు_బల్ల అన్నా, శబ్దం వస్తూనే ఉంటుంది. డిస్కార్డ్‌లో ఫ్రెండ్స్ మాటలు కూడా వినిపిస్తాయి, "ఏరా నిలబడిపోయావ్" అని వాళ్లు అరుస్తుంటారు, నేను బదులిస్తే వాళ్లకీ వినిపిస్తుంది. బాణం సంగతి గమనించలేదు. లైటు సంగతి కూడా గమనించలేదు, క్యాబినెట్ టేబుల్ కింద ఉంటుంది.

@అనంత_ఎండ గంటన్నర ఎల్డెన్ రింగ్ ఆడాను. కార్డు 72, హాట్‌స్పాట్ 84, ప్రాసెసర్ 76. ఆ గంటన్నరలో రెండుసార్లు ఆగింది.

@ఓరుగల్లు_గేమర్ డీడీయూతో తుడిచి కొత్త డ్రైవర్ వేశాను. తేడా లేదు.

అనంత_ఎండ
ఆ అంకెలు బాగున్నాయి. 5600కి హద్దు 90, 3060కి 93. అయినా వేడికి మెషీన్ నెమ్మదిస్తుంది, ఫ్రేములు 90 నుంచి 50కి జారతాయి. ఎనిమిది సెకన్లు శిలలా నిలబడి మళ్లీ పూర్తి వేగంతో లేవదు. వేడి కాదు, నేను తప్పుకుంటున్నాను.

ఓరుగల్లు_గేమర్
డ్రైవర్ కాకపోతే కార్డే. శబ్దం వస్తోంది, బొమ్మ ఆగుతోంది. బొమ్మ ఇచ్చేది ఎవరు? కార్డు. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

పిక్సెల్_పద్మ
ఉంది. విండోస్‌కి కార్డు విషయంలో ఓపిక చాలా తక్కువ. ఇచ్చిన పనికి కార్డు రెండు సెకన్లలో స్పందించకపోతే డ్రైవర్‌నే కొట్టి లేపుతుంది. అలా లేపినప్పుడు ఈవెంట్ వ్యూయర్‌లో 4101 నంబరుతో "డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం ఆపి, మళ్లీ కోలుకుంది" అని రాసిపెడుతుంది. ఆ సమయంలో తెర ఒకసారి నల్లబడుతుంది, ఆట చాలాసార్లు మూసుకుపోతుంది. ఇతనికి తెర నల్లబడటం లేదు, ఆట మూతపడటం లేదు. కార్డు ఎనిమిది సెకన్లు పడుకుంటే విండోస్ ఊరుకునేది కాదు.

నేను రోజంతా త్రీడీ రెండరింగ్ చేస్తాను, 4101 నాకు బాగా పరిచయం. తమ్ముడూ, విండోస్ కీ నొక్కి ఈవెంట్ వ్యూయర్ అని టైపు చేసి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ తెరిచి, ఆట ఆగిన నిమిషం దగ్గర పసుపు, ఎరుపు గుర్తులు ఏమున్నాయో నంబర్లతో సహా రాయి. ఆగినప్పుడల్లా గడియారం చూసి టైం నోట్ చేసుకుంటేనే ఇది పనికొస్తుంది. లేకపోతే అందులో సంబంధం లేని ఎర్ర గుర్తులు వందలు కనిపించి టెన్షన్ పెడతాయి.

గోదారి_గట్టు
పద్మ గారూ, ఎఫ్‌టీపీఎం, అదే ప్రాసెసర్‌లోని సెక్యూరిటీ భాగం, దాని సంగతి? రైజెన్ మెషీన్లలో ఆ కుదుపు గురించి ఏఎమ్‌డీనే 2022 మార్చిలో ప్రకటన ఇచ్చింది కదా.

పిక్సెల్_పద్మ
ఇచ్చింది. బోర్డు మీద చిప్‌లో దాచిన దాన్ని ఎఫ్‌టీపీఎం చదివేటప్పుడు మెషీన్ మొత్తం క్షణకాలం కుదుపుకి గురయ్యేది, శబ్దం కూడా తెగేది. ఆ ఏడాది మే నుంచి వచ్చిన 1.2.0.7 అజీసా (బయాస్ కోసం ఏఎమ్‌డీ ఇచ్చే మూల కోడ్) ఉన్న బయాస్‌లతో దాన్ని సరిచేశారు. ఇతనికి శబ్దం తెగడం లేదు కాబట్టి పోలిక తక్కువే. అయినా బయాస్ తేదీ అడగాల్సిందే.

సిక్కోలు_కుర్రోడు
నాదీ ఇదే సమస్య!! ఆట ఆపి టీ తాగొచ్చి సేవ్ చేసే విండో తెరిస్తే పది సెకన్లు ఆగుతుంది, లోపల "గుర్ర్" మని ఏదో తిరగడం మొదలవుతుంది, తర్వాత బాగానే ఉంటుంది.

రిపేరు_బల్ల
నీది వేరు. నీ హార్డ్ డిస్క్ నిద్రపోయి లేస్తోంది. పవర్ ప్లాన్‌లో "టర్న్ ఆఫ్ హార్డ్ డిస్క్ ఆఫ్టర్" అని ఉంటుంది, మామూలుగా 20 నిమిషాలు. అక్కడ సున్నా పెట్టు, ఇక నిద్రపోదు.

సిక్కోలు_కుర్రోడు
పోయింది!! రెండేళ్లుగా దీంతో బతుకుతున్నాను అన్నా. నువ్వు చల్లగా ఉండాలి.

బెజవాడ_బుల్లోడు
బయాస్ 2023ది, అజీసా 1.2.0.7 కంటే కొత్తదే. ఎక్స్‌ఎంపీ ఆపి ఒక రోజంతా ఆడాను, అయినా ఆగింది. మళ్లీ ఆన్ చేసి రాత్రి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెట్టి పడుకున్నాను. నాలుగు పాసులు, ఒక్క తప్పు లేదు.

ఎలక్ట్రీషియన్ వచ్చి కొలిచాడు: ఫేజ్ న్యూట్రల్ 234, ఫేజ్ ఎర్త్ 232, న్యూట్రల్ ఎర్త్ 2.

ఈవెంట్ వ్యూయర్‌లో 4101 ఒక్కటీ లేదు. కానీ నిన్న రాత్రి 9:42కి ఆగింది, అదే 9:42 దగ్గర పసుపు గుర్తుతో 129 అని ఉంది. పక్కన "స్టోర్‌ఏహెచ్‌సీఐ" అని, "రైడ్‌పోర్ట్0కి రీసెట్ పంపాం" అన్న అర్థం వచ్చే వాక్యం ఉంది. 10:15కి కూడా అదే. ఇదేమిటి?

కరెంటు_బాబాయ్
వోల్టేజీ లక్షణంగా ఉంది. ఎర్త్ కూడా ఉన్నట్టే. నా వైపు నుంచి నిశ్చింతగా ఉండు బాబూ.

డిస్కు_డాక్టర్
ఆఫీసులో ఉన్నాను, ఇక్కడ డల్లాస్‌లో పగలు. అయినా ఆ 129 చూశాక ఆగలేకపోయాను. నా ఉద్యోగమే స్టోరేజ్ సర్వర్లు చూసుకోవడం.

స్టోర్‌ఏహెచ్‌సీఐ అంటే శాటా డిస్కులతో, అంటే కేబుల్‌తో బోర్డుకి తగిలించే డిస్కులతో, మాట్లాడే విండోస్ డ్రైవర్. అది డిస్కుని ఏదో అడిగింది. డిస్కు పలకలేదు. ఇచ్చిన గడువు దాకా చూసి, "వీడు లేవడం లేదు" అని లింకుని రీసెట్ చేసింది. 129 అంటే ఇంతే. నీ ఎన్‌వీఎంఈ ఈ దారిలో రాదు, దాని డ్రైవర్ వేరు, దానికి రీసెట్ పడితే పేరు "స్టోర్‌ఎన్‌వీఎంఈ" అని ఉండేది. కాబట్టి వేళ్లన్నీ ఆ పాత హార్డ్ డిస్క్ వైపే చూపిస్తున్నాయి.

కార్డు అమ్మకు. ఎవరికీ ఇవ్వకు. ఆ డిస్క్‌లో ఏమున్నాయన్నావు, ఇంటి ఫొటోలా? వాటికి రెండో కాపీ ఉందా?

బెజవాడ_బుల్లోడు
లేదు అన్నా. అందులోనే ఉన్నాయి. 2009 నుంచి మా ఇంట్లో తీసిన ప్రతి ఫొటో. తాతయ్య హార్మోనియం వాయిస్తుంటే నానమ్మ పక్కన కూర్చుని చేత్తో తాళం వేస్తున్న వీడియో ఒకటుంది, ఇద్దరూ ఇప్పుడు లేరు.

కానీ ఒక్క విషయం అర్థం కావడం లేదు. ఆటలన్నీ ఎన్‌వీఎంఈలోనే ఉన్నాయి. ఫొటోలున్న డిస్కుతో ఆటకేం పని?

డిస్కు_డాక్టర్
దానికి తర్వాత వద్దాం. ముందు ఆ వీడియో. ఈ రాత్రి ఆట వద్దు. బయటి హార్డ్ డిస్క్ ఒకటి అరువు తెచ్చుకో, ముందు తాతగారి వీడియో, తర్వాత మిగతావి కాపీ చెయ్యి. ఏ స్కాన్ నడపొద్దు, చెక్‌డిస్క్ అసలే వద్దు. ఇబ్బందిలో ఉన్న డిస్కుతో చేయించాల్సిన మొదటి పని దాంట్లో ఉన్నది బయటికి తెచ్చుకోవడం, రెండో పని ఏదైనా సరే తర్వాతే.

పిక్సెల్_పద్మ
నేనూ ఇదే చెప్పబోయాను. తమ్ముడూ, వెంటనే చెయ్యి. నేను ఒకసారి "రేపు చేద్దాం" అనుకుని రెండేళ్ల పని పోగొట్టుకున్నాను. ఇప్పటికీ ఆ ఫోల్డర్ పేర్లు గుర్తున్నాయి.

కొత్త_సభ్యుడు_77
చదువుతుంటే గుండె దడదడలాడుతోంది. కాపీ అయ్యాక చెప్పు బ్రో, నేను నిద్రపోను.

ఓరుగల్లు_గేమర్
బాబాయ్ వాళ్ల దగ్గరో ఫ్రెండ్ దగ్గరో బయటి డిస్క్ ఉంటుంది, అడుగు. కొనడానికి రేపటిదాకా ఆగకు.

బెజవాడ_బుల్లోడు
ఫ్రెండ్ దగ్గర తెచ్చాను. మొత్తం 212 జీబీ. మధ్యలో మూడుసార్లు వేగం సున్నాకి పడి చాలాసేపు నిలబడింది, మళ్లీ కదిలింది. ప్రతిసారీ ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడే అయిపోయింది, తెల్లవారు 3:10. తాతయ్య వీడియో బయటి డిస్క్‌లోంచి తెరిచి చివరిదాకా చూశాను. బాగుంది.

కొత్త_సభ్యుడు_77
హమ్మయ్య. ఇక పడుకుంటా.

డిస్కు_డాక్టర్
ఇప్పుడు నీ ప్రశ్న. ఫొటోల డిస్కుతో ఆటకేం పని? ఒకటి చూడు. సిస్టమ్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, పర్ఫార్మెన్స్ సెట్టింగ్స్, మళ్లీ అడ్వాన్స్‌డ్, వర్చువల్ మెమరీ. అక్కడ పేజ్‌ఫైల్ ఏ డ్రైవ్ మీద ఉందో చెప్పు.

బెజవాడ_బుల్లోడు
డీ డ్రైవ్ మీద. సీ దగ్గర "నన్" అని ఉంది. మెషీన్ కొత్తలో ఒక వీడియోలో "ఎస్‌ఎస్‌డీ అరిగిపోకుండా ఉండాలంటే పేజ్‌ఫైల్ హార్డ్ డిస్క్‌కి మార్చండి" అని చూసి మార్చాను. డీ అంటే ఆ పాత డిస్కే.

డిస్కు_డాక్టర్
అదే దారి. ర్యామ్‌లో ఉన్నవాటిలో కాసేపుగా ఎవరూ ముట్టుకోనివాటిని విండోస్ పేజ్‌ఫైల్‌లో దాచి, చోటు ఖాళీ చేస్తుంది. 16 జీబీలో ఆట, బ్రౌజర్, డిస్కార్డ్ అన్నీ కూర్చున్నాయి. ఆటలో నువ్వో తలుపు తీశావు, అరగంట క్రితం దాచిన ముక్క ఒకటి కావాలి. అది డీలో ఉంది. డీ పలకడం లేదు. ఆ ముక్క వచ్చేదాకా ఆట ఒక్క అడుగు వేయలేదు. డిస్కార్డ్‌కి కావాల్సింది ర్యామ్‌లోనే ఉంది కాబట్టి అది మాట్లాడుతూనే ఉంటుంది. ఒక రోజు మూడు గంటలు ఆగకపోవడం, ఇంకో రోజు గంటలో నాలుగుసార్లు ఆగడం ఎందుకంటే, ఆ రోజు ర్యామ్ ఎంత నిండిందన్న దాన్ని బట్టి.

గోదారి_గట్టు
అయితే పేజ్‌ఫైల్ పూర్తిగా తీసేస్తే సరి. నేను ఎప్పుడో తీసేశాను.

డిస్కు_డాక్టర్
వద్దు. పేజ్‌ఫైల్ లేకపోతే ప్రోగ్రాములన్నీ కలిపి అడగగలిగే మెమరీకి ర్యామ్ ఎంతో అంతే హద్దు. చాలా ఆటలు వాడినా వాడకపోయినా ముందే పెద్ద ముక్క అడిగి పెట్టుకుంటాయి. హద్దు తగిలిన మరుక్షణం ఆట మూసుకుపోతుంది. 32 జీబీ ఉంటే ఇన్నాళ్లూ నీకు తెలియకపోయి ఉండొచ్చు.

గోదారి_గట్టు
32 జీబీనే. సరే, కానీ ఎస్‌ఎస్‌డీ అరగదా?

డిస్కు_డాక్టర్
అరుగుతుంది, లెక్క వేద్దాం. 1 టీబీ టీఎల్‌సీ ఎస్‌ఎస్‌డీల మీద 600 టీబీ రాతల దాకా వారంటీ ఇవ్వడం మామూలు. రోజుకి 50 జీబీ రాసినా, అది చాలా ఎక్కువ, 12,000 రోజులు పడుతుంది. దాదాపు ముప్పై మూడేళ్లు. విండోస్ 7 వచ్చిన 2009లోనే మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లు దీని గురించి రాశారు: పేజ్‌ఫైల్‌లో ఒక రాతకి దాదాపు 40 చదువులు ఉంటాయని, ఎస్‌ఎస్‌డీ మీద పెట్టడానికి ఇంతకంటే అనువైన ఫైళ్లు చాలా తక్కువని. ఆ వీడియో చేసినవాళ్లు ఎవరో గానీ సలహా తిరగేసి చెప్పారు.

గోదారి_గట్టు
ఒప్పుకున్నాను. ఇప్పుడే మళ్లీ పెట్టేశాను, విండోస్‌కే వదిలేశాను.

రిపేరు_బల్ల
పేజ్‌ఫైల్ సీకి మారిస్తే ఆట ఆగడం ఆగుతుంది. కానీ డిస్క్ ఎందుకు పలకడం లేదో తేలాలి. లేకపోతే జబ్బు అలాగే ఉండి నొప్పి తెలియకుండా పోయినట్టవుతుంది. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వేసి 05, సీ5, సీ7 వరసల్లో చివరి గడి అంకెలు రాయి తమ్ముడూ.

ఇంకో మాట. రెండు నెలల క్రితం ఏం చేశావు? ఆ రోజుల్లో క్యాబినెట్ తెరిచావా?

బెజవాడ_బుల్లోడు
05 సున్నా, సీ5 సున్నా. సీ7 దగ్గర మాత్రం "13ఎ" అని ఉంది, అందులో అక్షరం ఎందుకుందో తెలీదు.

అవును అన్నా, తెరిచాను! దుమ్ము పట్టిందని బ్లోయర్ పెట్టి మొత్తం శుభ్రం చేశాను. కార్డు కూడా తీసి మళ్లీ పెట్టాను. ఆ తర్వాతే మొదలైందని ఇప్పుడు మీరడిగితే తడుతోంది. అంతకుముందు ఒక్కసారి కూడా ఆగలేదు.

ఇంకోటి. నిన్న మీరు లైటు గురించి అడిగారని టేబుల్ దగ్గర చెప్పుకుంటుంటే, మా చెల్లి కింద చాప మీద హోంవర్క్ రాసుకుంటూ తల ఎత్తకుండానే "నీ బొమ్మ ఆగినప్పుడల్లా ఆ ఎర్ర లైటు మిణుకుమనకుండా అలాగే వెలిగిపోతుంది అన్నయ్యా" అంది. క్యాబినెట్ సరిగ్గా దాని కళ్ల ఎదురుగా ఉంటుంది. రెండు నెలలుగా దానికి తెలుసు, నేనే అడగలేదు.

పిక్సెల్_పద్మ
చెల్లికి పెద్ద చాక్లెట్. అది ఈ రోజే.

డిస్కు_డాక్టర్
ఆ అక్షరం పదహారు ఆధారపు లెక్క. 13ఎ అంటే మన లెక్కలో 314. ఫంక్షన్ మెనూలో రా వాల్యూస్ దగ్గర పదికి మార్చుకుంటే మామూలు అంకెల్లో చూపిస్తుంది.

05 అంటే డిస్కు చెడిపోయిన చోట్లని పక్కన పెట్టి వేరే చోటు వాడుకున్న లెక్క. సీ5 అంటే చదవలేక అనుమానంలో పెట్టిన చోట్లు. రెండూ సున్నా అంటే పళ్లేల మీద దెబ్బ కనిపించడం లేదు. సీ7 వేరే రకం: డిస్కుకీ బోర్డుకీ మధ్య దారిలో పాడైపోయిన సమాచారం లెక్క. దారి అంటే కేబుల్. రెండు కొసల కనెక్టర్లు కూడా. ఈ లెక్క ఒకసారి ఎక్కితే దిగదు, కేబుల్ మార్చినా 314 అలాగే ఉంటుంది. మనం చూడాల్సింది 315 అవుతుందా అనే.

రిపేరు_బల్ల
కార్డు తీసి పెట్టినప్పుడే కేబుల్ నలిగి ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, సైడు ప్యానెల్ తీసి టార్చి వేసి ఫొటో పెట్టు. శాటా పోర్టుల మీదికి కార్డు చివర వస్తుందేమో చూడు.

బెజవాడ_బుల్లోడు
ఫొటో సైజు ఎక్కువై ఎక్కడం లేదు, చూసింది రాస్తాను. కార్డు చివరి ఫ్యాను కింద ఎర్ర కేబుల్ ఉంది. బోర్డులోకి దిగే చోటికి రెండు వేళ్ల దూరంలో కార్డు అంచు దాని మీద కూర్చుని, కాగితం మడిచినట్టు మడతపెట్టేసింది. ఆ మడత దగ్గర ఎరుపు తెల్లబారింది. బోర్డు వైపు కొసకి ఇనుప క్లిప్పు లేదు, వేలితో తాకితే అటూ ఇటూ ఊగుతోంది. కొంచెం ఏటవాలుగా కూడా ఉంది, ఒక పక్క సన్నని సందు కనిపిస్తోంది.

రిపేరు_బల్ల
దొరికాడు.

ఓరుగల్లు_గేమర్
కార్డే అని అంత గట్టిగా అన్నాను. తప్పు నాదే బ్రో. నా మాట విని అమ్మేసి ఉంటే నేను బాధపడేవాణ్ణి.

కరెంటు_బాబాయ్
క్లిప్పు ఉన్న కేబుల్ తీసుకో బాబూ, ఒక కొస ఎల్ ఆకారంలో వంగి ఉండేది అయితే కార్డు కిందినుంచి పక్కకి పోతుంది. లూజు కాంటాక్టు ఎక్కడైనా లూజు కాంటాక్టే. ఇంటి మెయిన్‌లో అయినా, మీ డబ్బాలో అయినా, సగం పట్టుకున్న కనెక్షన్ పూర్తిగా ఊడినదానికంటే ఎక్కువ ఏడిపిస్తుంది.

అనంత_ఎండ
పోర్టు కూడా మార్చు. కార్డు కింద పడని పోర్టు ఇంకోటి ఉంటుంది.

రిపేరు_బల్ల
అది నిజమే. ఒక్కొక్కటే మార్చమన్నాను కానీ కేబుల్, పోర్టు కలిపి మార్చినా పర్లేదు, రెండూ ఒకే దారి. పేజ్‌ఫైల్ మాత్రం ఇప్పుడే సీకి మార్చకు. కేబుల్ మార్చి, పేజ్‌ఫైల్ డీ మీదే ఉంచి మూడు రోజులు ఆడు. ఆగకపోతే దోషం కేబుల్‌దే అని తేలుతుంది. ఆ తర్వాత సీకి మార్చుకో. ఫొటోల కాపీ ఉంది కాబట్టే ఈ పరీక్ష చేయమంటున్నాను, లేకపోతే చెప్పేవాణ్ణి కాదు.

డిస్కు_డాక్టర్
సరైన వరస. ఆడేటప్పుడు రెండో మానిటరో, ఫోను వీడియోనో పెట్టి టాస్క్ మేనేజర్‌లో డీ గ్రాఫ్ చూడు. పాత జబ్బు ఉంటే "100 శాతం బిజీ, వేగం సున్నా" అని కనిపిస్తుంది. అది పని చేస్తున్న డిస్కు ముఖం కాదు.

కొత్త_సభ్యుడు_77
నాకో సందేహం. కొత్త ఆట మొదటిసారి ఆడినప్పుడు కొత్త చోటికి వెళ్లగానే అర సెకను కుదుపు వస్తుంది. అదీ కేబులేనా?

పిక్సెల్_పద్మ
కాదు. అది షేడర్లు, అంటే కార్డు చేత బొమ్మ గీయించే చిన్న ప్రోగ్రాములు, అప్పటికప్పుడు తయారవడం. ఎల్డెన్ రింగ్ లాంటి ఆటల్లో కొత్తలో అందరూ పడ్డారు. ఒకసారి తయారయ్యాక అదే చోట మళ్లీ రాదు. డ్రైవర్ మారిస్తే మళ్లీ మొదటినుంచి తయారవుతాయి, కాబట్టి అప్పుడు ఒకటి రెండు రోజులు కుదుపు కనిపించడం మామూలే. అర సెకనూ, మొదటిసారి మాత్రమే అయితే భయపడకు.

నాకు ఇంకో రకం వచ్చింది. కీబోర్డు రంగు లైట్ల సాఫ్ట్‌వేర్ ఒకటి ప్రతి కొన్ని సెకన్లకీ మదర్‌బోర్డు సెన్సార్లు చదువుతూ ఆడియో తెగేలా చేసేది. ఏ డ్రైవర్ ఆలస్యం చేస్తోందో చూపే లేటెన్సీమాన్ పెట్టాక పట్టుబడింది. ఆ సాఫ్ట్‌వేర్ తీసేశాను, కీబోర్డు ఇప్పుడు ఒకే రంగులో ఉంటుంది, హాయిగా ఉంది.

బెజవాడ_బుల్లోడు
కేబుల్ తెచ్చాను. ఇనుప క్లిప్పుతో ఎల్ కొస ఉన్నది, వంద రూపాయల లోపే. దూరపు పోర్టులో పెడితే "టిక్" అని కూర్చుంది. పాతదానికి ఆ టిక్ ఎప్పుడూ రాలేదు. ఎర్ర కేబుల్ పక్కన పెట్టాను. మూడు రోజుల తర్వాత వస్తాను.

బెజవాడ_బుల్లోడు
నాలుగు రోజులు అయింది. శని, ఆదివారాలు కలిపి పద్నాలుగు గంటలు ఆడాను, బ్రౌజర్‌లో కావాలని ముప్పై ట్యాబులు తెరిచి పెట్టి మరీ. ఒక్కసారి కూడా ఆగలేదు. ర్యామ్ నిండినప్పుడు డిస్క్ లైటు మిణుకుమంటోంది, కాసేపు చిన్న తొట్రుపాటు ఉంటోంది గానీ బిగుసుకుపోవడం లేదు. ఈవెంట్ వ్యూయర్‌లో ఆ రోజు తర్వాత 129 లేదు. సీ7 314.

ఇప్పుడు పేజ్‌ఫైల్ సీకి మార్చాను. ఆ చిన్న తొట్రుపాటు కూడా పోయింది.

రిపేరు_బల్ల
శుభం. పాత కేబుల్ కత్తిరించి పారెయ్యి, డ్రాయర్‌లో పెట్టకు. రెండేళ్ల తర్వాత ఎవరో అడిగితే తీసి ఇచ్చేస్తావు.

బెజవాడ_బుల్లోడు
కత్తిరించేశాను అన్నా.

డిస్కు_డాక్టర్
ఆ డిస్కుకి వయసు ఎంత? 2009 ఫొటోలన్నావు.

బెజవాడ_బుల్లోడు
డిస్కు 2014ది. ఫొటోలు అంతకుముందు సీడీల్లో ఉండేవి.

డిస్కు_డాక్టర్
అయితే కేబుల్ బాగైనా దాని వయసు దానిదే. ఫ్రెండ్ డిస్కు తిరిగి ఇచ్చేముందు నీదంటూ ఒకటి కొని ఇంకో కాపీ చేసుకో. ఒకటి ఇంట్లో ఉంటే ఇంకోటి వేరే ఊళ్లో చుట్టాల ఇంట్లో ఉంచు.

బెజవాడ_బుల్లోడు
కార్డుకి పెట్టాల్సిన డబ్బు మిగిలింది కదా, అందులోంచి 2 టీబీ బయటి డిస్క్ కొన్నాను. మొత్తం ఎక్కించాను. ఆ కాపీ గుడివాడలో మా అత్తయ్య ఇంటికి వెళ్తుంది, ఆదివారం నేనే తీసుకెళ్తున్నాను.

నిన్న రాత్రి తాతయ్య వీడియో టీవీకి పెట్టాను. నాన్న మొదటి నిమిషంలోనే కుర్చీ ముందుకి జరుపుకున్నారు. నానమ్మ తాళం వేస్తూ ఒక చోట తప్పి నవ్వుతుంది, తాతయ్య ఆపకుండానే అటు చూస్తాడు. చెల్లికి అప్పుడు రెండేళ్లు, దానికి ఆ మనుషులు ఫొటోల్లోనే తెలుసు. "తాతయ్య గొంతు ఇలా ఉండేదా" అని అడిగి మళ్లీ మొదటినుంచి పెట్టమంది.

సిక్కోలు_కుర్రోడు
బ్రో ఆ కేబుల్ ఏ పొడవు తీసుకున్నావు? నాదీ కార్డు కింద నుంచే పోతోంది, ఇప్పుడే టార్చి వేసి చూశాను.

బెజవాడ_బుల్లోడు
అర మీటరు. క్లిప్పు రెండు కొసలకీ ఉందో లేదో చూసి తీసుకో. ముందు ఫొటోలు కాపీ చేసుకో.